పూటకూళ్ళ ఇంటికి దారి

ఆమధ్య ఒక డిసెంబరు సాయంత్రం రాజమండ్రిలో ఆరుగురు ఆడవాళ్ళం కలిసి భోజనానికి బయల్దేరాం. నెలకోసారి కలుసుకుని ఏదో ఒక పుస్తకం చదువుకునే చిన్న బృందం మాది. ఇద్దరు లెక్చరర్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక కథారచయిత్రి, రిటైరయిన టీచరుగారు ఒకరు, నేను. పగలు వీరేశలింగం పుట్టిన ఇల్లు చూశాం. గోదావరి గట్టున కూర్చుని ఆయన 'స్వీయ చరిత్రము'లో కొన్ని పుటలు చదువుకున్నాం. చీకటి పడ్డాక ఆకలేసింది. అరటాకు వేసి వడ్డించే పాత భోజన హోటలొకటి ఉందనీ, చిన్నప్పుడు నాన్నతో వచ్చేదాన్ననీ చెప్పి టీచరుగారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు.

గల్లాపెట్టె దగ్గరున్నాయన మర్యాదగానే లేచి నిలబడ్డాడు. మా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు. "మగవాళ్ళు బండి పెడుతున్నారా అమ్మా?" అని అడిగాడు. మేమేనన్నాం. "అయితే పైన ఫ్యామిలీ రూముంది, అక్కడ కూర్చోండి" అన్నాడు. కింద హాల్లో నాలుగు వరసల బల్లలు, సగం ఖాళీ. మా కథారచయిత్రి నవ్వుతూ, "మేం ఫ్యామిలీ కాదండీ, స్నేహితులం. ఇక్కడే కూర్చుంటాం" అంది. ఆయనేమీ అనలేదు. కూర్చున్నాం. వడ్డించేవాళ్ళందరూ మగవాళ్ళే. తింటున్నవాళ్ళలో మేం తప్ప ఆడవాళ్ళు లేరు.

ముద్దపప్పు, కంద బచ్చలి కూర, గుమ్మడికాయ పులుసు వచ్చాక బ్యాంకు మిత్రురాలు అడిగింది. "ఇంట్లో వంట ఆడవాళ్ళది. వీధిలోకొచ్చేసరికి అన్నం అమ్మే పని మగవాళ్ళదెలా అయింది? ఈ ఊళ్ళో ఆడవాళ్ళు నడిపిన భోజనశాలలు లేనేలేవా?" అందరూ నా వైపు చూశారు. ఈ ప్రాంతపు సంస్కరణ సాహిత్యం మీద డాక్టరేట్ చేసినదాన్ని కదా! "పూటకూళ్ళ ఇళ్ళుండేవి" అని మాత్రం చెప్పి, ఆకులోకి తలవంచుకున్నాను. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. మా ఇంట్లోనే ఉంది. నోరు రాలేదు. ఆ రాత్రి పెరుగన్నంతోపాటు మింగేసిన జవాబే ఈ వ్యాసం.

* * *

మగవాళ్ళ తోడు లేకుండా బయట తినే ఆడవాళ్ళని చూసి ఆశ్చర్యపోవటం మన ఊరి గల్లాపెట్టె దగ్గరే మొదలవలేదు. 1868 ఏప్రిల్లో న్యూయార్క్ ప్రెస్ క్లబ్ వాళ్ళు చార్లెస్ డికెన్స్‌కి డెల్మోనికోస్ అనే పేరున్న భోజనశాలలో పెద్ద విందు ఇచ్చారు. జేన్ కన్నింగ్‌హామ్ క్రోలీ పత్రికా రచయిత్రి. అయినా ఆడమనిషి కనక ఆ విందులో చోటు దక్కలేదు. ఆమె, మరికొందరు కలిసి ఆ ఏడాదే 'సొరోసిస్' అనే మహిళా సంఘం పెట్టుకుని, అదే డెల్మోనికోస్‌లో తమ సమావేశం, భోజనం జరుపుకున్నారు. మగతోడు లేని ఆడవాళ్ళకి అలాంటి చోట బల్ల దొరకటమే ఆ రోజుల్లో ఒక వార్త.

ఆ కథ చదివినప్పుడల్లా నాకు సంతోషమూ కలుగుతుంది, ఒక అనుమానమూ కలుగుతుంది. బల్ల ముందు కూర్చునే హక్కు కోసం ఆడవాళ్ళు చేసిన పోరాటాన్ని చరిత్ర రాసుకుంది. మరి బల్ల వెనక, పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళ సంగతి? వాళ్ళ పని ఏ లెక్కలో రాశారు?

తెలుగులో 'బయట భోంచెయ్యటం' గురించి మనకున్న పాత సాక్ష్యాల్లో ఒకటి 'క్రీడాభిరామం'. వినుకొండ వల్లభరాయడి పేరున ఉన్న ఈ వీథి నాటకాన్ని శ్రీనాథుడిదే అన్నవాళ్ళూ ఉన్నారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో రోజంతా తిరుగుతారు. ఆటలు, పాటలు, వేశ్యావాటికలు, అంగళ్ళు అన్నీ చూస్తారు. మధ్యలో పూటకూటి భోజనం ప్రస్తావన వస్తుంది. మంచి అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. ఇదంతా ఒక్క రూకకి. పద్యం చదువుతుంటేనే నోరూరుతుంది. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసిన సురవరం ప్రతాపరెడ్డిగారి దగ్గర్నుంచి చరిత్రకారులందరూ ఈ పద్యాన్ని ఆనాటి తిండికీ, ధరలకీ సాక్ష్యంగా వాడుకున్నారు.

ఆ పద్యంలో ఇల్లు లక్ష్మణవజ్ఝలది. ఇంటి యజమాని పేరు ఉంది, రూక ఉంది, పెరుగు గడ్డ ఎలా ఉందో కూడా ఉంది. నెయ్యి కాచిందెవరు? పప్పు వేయించిందెవరు? నేను ఎం.ఏ.లో ఈ పద్యానికి ప్రతిపదార్థం రాశాను. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు.

* * *

గోదావరి జిల్లాల్లో పూటకూళ్ళ ఇళ్ళకి గిరాకీ ఎందుకు పెరిగిందో ఊహించటం కష్టం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువలొచ్చాయి. కాలువల మీద పడవలొచ్చాయి. ధాన్యం, కొబ్బరి, బెల్లం, వాటితోపాటు మనుషులు కదలటం మొదలైంది. రాజమండ్రిలో కోర్టు ఉంది. 1853లో మొదలైన బడి తర్వాత కాలేజీ అయింది. 1900లో గోదావరి మీద రైలు వంతెన నడవటం మొదలయ్యాక అటు మద్రాసూ ఇటు కలకత్తా దగ్గరయ్యాయి. వాయిదాలకొచ్చే రైతులు, చదువుకొచ్చే కుర్రాళ్ళు, కచేరీ ఉద్యోగులు, పుష్కరాలకొచ్చే యాత్రికులు... వీళ్ళందరికీ అన్నం కావాలి. అందులోనూ తమ కులానికి 'మైల' కాని అన్నం కావాలి. సత్రంలో ఉచితంగా తినేవాళ్ళు కొందరు. వారాలు చేసుకుని రోజుకొక ఇంట తినే పేద విద్యార్థులు కొందరు. మిగిలిన వాళ్ళు డబ్బిచ్చి తినే చోటు పూటకూళ్ళ ఇల్లు. పూట లెక్కన కూడు పెట్టే ఇల్లు. పేరులోనే ఉంది దాని ఆర్థికశాస్త్రం.

ఆ ఇళ్ళు నడిపినవాళ్ళలో బ్రాహ్మణ వితంతువులు చాలామంది. కారణం సులువే. ఆస్తిలో వాటా లేదు. చదువు లేదు. మళ్ళీ పెళ్ళి లేదు. చేతిలో ఉన్నవి రెండే. ఒకటి వంట, రెండోది ఆ వంటని ఎవరైనా తినొచ్చని కులం ఇచ్చిన ధ్రువీకరణ. తన తిండి విషయంలో అదే కులం ఆమెను ఒంటిపూటకీ, ఉప్పూకారాల నియమాలకీ కట్టేసింది. ఇతరులకి రెండు పూటలా వండి, తను ఒక పూట తినటం ఆమె బతుకు.

ఆమెను సాహిత్యం ఎలా చూసింది? 'కన్యాశుల్కం' దగ్గరికి వెళ్దాం. అది గోదావరి జిల్లా నాటకం కాదు, విజయనగరం నాటకం. అయినా పూటకూళ్ళమ్మ అనగానే మనందరికీ గుర్తొచ్చేది గురజాడ సృష్టించిన ఆ మనిషే. 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో తిరగరాసిన ఆ నాటకంలో మధురవాణికి పేరుంది, బుచ్చమ్మకి పేరుంది, మీనాక్షికి పేరుంది. పూటకూళ్ళమ్మకి పేరు లేదు. వృత్తే ఆమె పేరు. గిరీశంతో ఆమె సంబంధం, చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి రావటం, మంచం కింద దాక్కున్న మగవాళ్ళు, తగలాల్సిన వీపుకి కాక ఇంకో వీపుకి తగిలిన దెబ్బ... మనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటాం. నేనూ నవ్వాను.

మళ్ళీ చదివినప్పుడు నాటకం మొదట్లోనే ఉన్న ఒక చిన్న లెక్క దగ్గర ఆగిపోయాను. సరుకులు కొని తెస్తానని గిరీశం ఆమె దగ్గర ఇరవై రూపాయలు తీసుకుంటాడు. అవి మధురవాణి మీద ఖర్చయిపోతాయి. ఈ సంగతి అతను మనకే, తన మీద తనకేమీ కోపం లేకుండా చెప్పుకుంటాడు. ఇరవై రూపాయలంటే ఆమె పెట్టుబడి. బియ్యం, పప్పు, చింతపండు, నెయ్యి. అవి రాకపోతే రేపు ఆకులు పరవటానికి లేదు. మనం ఆమె చీపురుని అసూయగా చదివాం. బాకీ వసూలుకొచ్చిన వ్యాపారస్తురాలి చేతిలో చీపురుగా ఎందుకు చదవలేదు? గురజాడ ఆ లెక్కని దాచలేదు. ఇరవై అని అంకెతో సహా రాసి పెట్టారు. చూడనిది మనం.

* * *

ఇప్పుడు రాజమండ్రిలో ఒక భోజనం సంగతి. తేదీ తెలిసిన భోజనం. 1881 డిసెంబరు 11.

ఆ రోజు వీరేశలింగం ఇంట్లో గౌరమ్మ అనే బాలవితంతువుకీ గోగులపాటి శ్రీరాములుకీ పెళ్ళి జరిగింది. వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే ఒప్పుకుంది. తెలుగునాట ఒక పెళ్ళి జరగటానికి మరో పాతికేళ్ళు పట్టింది. 1879 ఆగస్టులో వీరేశలింగం ఈ విషయం మీద మొదటి ఉపన్యాసం ఇచ్చినప్పటి నుంచీ ఊరు రెండుగా చీలింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. కాలేజీ విద్యార్థులు కాపలా కాశారు. పోలీసు బందోబస్తు పెట్టారు. ఇవన్నీ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. నా సిద్ధాంతగ్రంథంలో ఈ పెళ్ళికి ఒక అధ్యాయమే ఇచ్చాను.

ఆ అధ్యాయంలో నేను చట్టం గురించి రాశాను, శాస్త్ర చర్చల గురించి రాశాను, పత్రికల గురించి రాశాను. భోజనం గురించి ఒక్క వాక్యం రాశాను. నిజానికి కులం చేతిలో ఉన్న అసలు ఆయుధం పంక్తి. పెళ్ళి చూడటానికి వచ్చి వెళ్ళిపోవటం ఒక ఎత్తు. ఆ ఇంట విస్తరి ముందు కూర్చుని చెయ్యి కడుక్కోవటం ఇంకో ఎత్తు. తిన్నవాడు తప్పించుకోలేడు. తిన్నవాళ్ళకి వెలి. వెలి పడితే ఇంట్లో ఆబ్దికానికి బ్రాహ్మలు రారు, పిల్లకి సంబంధం రాదు, చాకలీ మంగలీ రారు. మాటిచ్చిన స్నేహితులు కొందరు వెనక్కి తగ్గారు. కొందరు ప్రాయశ్చిత్తం చేసుకుని మళ్ళీ కులంలో కలిశారు. మనం సంఘ సంస్కరణని ఉపన్యాసాల చరిత్రగా రాసుకున్నాం. అది విస్తళ్ళ చరిత్ర కూడా.

ఇది ఒక్క రాజమండ్రి సంగతే కాదు. 1890 అక్టోబరులో పూనాలో పంచ్ హౌద్ మిషన్ వాళ్ళు పెద్దమనుషుల్ని పిలిచి టీ ఇచ్చారు. మహాదేవ గోవింద రనడే, తిలక్ అక్కడున్నారు. ఆ కప్పు టీ మీద ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. చివరికి రనడే ప్రాయశ్చిత్తానికి ఒప్పుకున్నారు. అందుకు భార్య రమాబాయి ఎంత బాధపడ్డారో ఆమె జ్ఞాపకాలు చదివితే తెలుస్తుంది. మగవాళ్ళు బయట తాగిన టీకి ఇంట్లో ఆడవాళ్ళ వంటిల్లు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

రాజమండ్రిలో ఆ వంటిల్లు రాజ్యలక్ష్మిది. పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు బాపమ్మ. వితంతు వివాహాల పని మొదలయ్యాక వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళు మోసేవాళ్ళు రామన్నారు. గోదావరి నుంచి నీళ్ళు తెచ్చింది రాజ్యలక్ష్మి. పెళ్ళివారికి వండింది రాజ్యలక్ష్మి. తర్వాత్తర్వాత ఆశ్రయం కోరి వచ్చిన ఆడపిల్లల్ని కనిపెట్టుకుని ఉన్నదీ ఆమే. 1910లో ఆమె చనిపోయేదాకా ఇదే పని. ఈ సంగతి వీరేశలింగం దాచలేదు. మనం కూడా చెప్పుకుంటూనే ఉన్నాం. ఎలా చెప్పుకుంటున్నాం? భర్త ఆశయానికి తోడు నిలిచిన సహధర్మచారిణిగా. ఆ నీళ్ళబిందెని త్యాగమన్నాం, సేవ అన్నాం. శ్రమ అన్నవాళ్ళు తక్కువ. రాజకీయం అన్నవాళ్ళు ఇంకా తక్కువ. వంటవాళ్ళు మానేసిన రోజున ఆమె కూడా నా వల్ల కాదని కూర్చుని ఉంటే ఆ పెళ్ళికి భోజనం లేదు. భోజనం లేని పెళ్ళి ఆ ఊరి దృష్టిలో పెళ్ళే కాదు.

* * *

అదే కాలంలో, అదే గోదావరి పాయల మధ్య, అన్నం పెట్టిన ఇంకో ఆడమనిషి ఉంది. డొక్కా సీతమ్మ. 1841లో పుట్టి 1909లో పోయింది. కోనసీమలో లంకల గన్నవరం. భర్త జోగన్న వ్యవసాయదారుడు. వైనతేయ పాయ దాటటానికి వచ్చిన బాటసారులు పొద్దుపోయాక ఎక్కడ తింటారు? ఏ వేళప్పుడు వచ్చినా ఆమె ఇంట్లో ఆకు పడేది. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకపు రోజుల్లో దొరలు ఆమె ఫొటో తీయించి పంపారని ఇప్పటికీ చెప్పుకుంటారు. గన్నవరం అక్విడక్టుకి ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టారు. ఆమెను అపర అన్నపూర్ణ అంటాం. ఆ మాటకి ఆమె తగినదే.

ఈ ముగ్గుర్నీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ముగ్గురూ ఒక కాలం వాళ్ళు. ముగ్గురూ చేసింది ఒకటే పని, పరాయివాళ్ళకి అన్నం వండి పెట్టటం. ఉచితంగా పెట్టినామె అన్నపూర్ణ. భర్త ఆశయం కోసం పెట్టినామె సహధర్మచారిణి. తన పొట్టకోసం డబ్బు తీసుకుని పెట్టినామె పూటకూళ్ళమ్మ, పేరు లేని మనిషి, నవ్వుకోవటానికి పనికొచ్చే పాత్ర. తేడా అన్నంలో లేదు. ఆ అన్నం వెనక మగవాడు ఉన్నాడా లేడా, ఆ అన్నానికి వచ్చిన డబ్బు ఆమె కొంగున కట్టుకుందా లేదా అన్న దగ్గర ఉంది. ఆడదాని చేతి అన్నాన్ని మనం ఎంతైనా పొగుడుతాం, దానికి ఆమె ధర చెప్పనంతవరకే.

* * *

హోటల్లో నేను మింగేసిన సంగతికి ఇప్పుడు వస్తాను.

మా అమ్మకి మేనత్త ఒకావిడ ఉండేది. మా తాతయ్యకి పెద్దక్క. ఇంట్లో అందరూ రాజమండ్రత్తయ్య అనేవారు. పన్నెండేళ్ళకి పసుపు కుంకాలు పోయాయి. తల్లీతండ్రీ పోయాక, పదేళ్ళ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కోనసీమ నుంచి రాజమండ్రి వచ్చింది. తమ్ముడు చదువుకున్నాడు, ప్లీడరయ్యాడు. ఆయన ఫొటో మా ఇంట్లో హాల్లో ఉంది, నల్లకోటుతో. 'అక్క చదివించింది' అని తాతయ్య ఎప్పుడూ గౌరవంగానే చెప్పేవాడట. ఎలా చదివించిందో ఎవరూ చెప్పేవారు కాదు.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో వరస బంధువొకాయన ఏదో తగాదాలో మా అమ్మని, "పూటకూళ్ళ డబ్బుతో పెరిగిన కొంప మీది" అన్నాడు. అమ్మ మొహం నల్లబడిపోయింది. ఇంటికొచ్చాక అడిగితే కసిరింది. పీహెచ్‌డీ చేసే రోజుల్లో 'కన్యాశుల్కం' మీద నేను రాసిన ఒక వ్యాసం అచ్చయినప్పుడు అమ్మ చదివి, "అందులో ఆవిణ్ణి గురించి కూడా నవ్వుతూనే రాశావా?" అంది. అప్పుడు నాకర్థం కాలేదు.

రాజమండ్రత్తయ్య ఇరవైమంది కుర్రాళ్ళకి రెండు పూటలా పెట్టేదట. తెల్లవారుజామున మూడింటికి లేచి తడిబట్టతో పొయ్యి రాజేసేది. నెల తిరిగేసరికి డబ్బివ్వలేని వాళ్ళుండేవారు. పరీక్షల ముందు ఎవరినీ అడిగేది కాదు. చదవటం, లెక్క రాయటం ఆ కుర్రాళ్ళే నేర్పారు. తను మాత్రం మధ్యాహ్నం అందరూ తిన్నాక ఒక్కసారి తినేది. తమ్ముడి పెళ్ళిలో వంటంతా తనే చూసింది. పీటల దగ్గరికి రాలేదు. రానివ్వలేదు అనాలి. తాతయ్య సంపాదన స్థిరపడ్డాక, పరువు తక్కువ పని అని చెప్పి ఆ ఇల్లు మూయించారు. ఆ తర్వాత ఆమె తమ్ముడింట్లో వండింది. చేసే పని మారలేదు, చేతిలోకి వచ్చే డబ్బు మాత్రం ఆగిపోయింది. దాంతో పరువు తిరిగొచ్చింది!

ఆమెని ఆకాశానికెత్తటం నా ఉద్దేశం కాదు. ఆమె పంక్తిలో ఎవరు కూర్చునేవాళ్ళు? ఆమె కులపు పిల్లలు. మిగతావాళ్ళకి బేరం లేదు. మాలమాదిగ పిల్లలు ఆ వీధిలోకి వచ్చినా ఆ గుమ్మం తొక్కే వీలు లేదు. వాళ్ళ తల్లులు కోసి, దంచి పంపిన బియ్యమే ఆ పొయ్యి మీద ఉడికింది. రాజమండ్రత్తయ్యని కాల్చుకుతిన్న ఆచారమే ఆమెకి బతుకుతెరువు కూడా ఇచ్చింది. ఇంకో ఆడమనిషికి, కులం లేని చేతులతో వండేదానికి, ఆ తెరువు కూడా లేదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చాక దళిత స్త్రీల మాట మనం విననట్టు నటించే వీలు లేకుండా పోయింది. అన్నం, ఆకలి, ఎంగిలి అన్న మాటలు అక్కడ వేరే బరువుతో ఉంటాయి. పూటకూళ్ళ ఇంటి చరిత్ర రాసేవాళ్ళు గుమ్మం లోపలి శ్రమనీ, గుమ్మం బయటి గీతనీ కలిపే రాయాలి.

* * *

పూటకూళ్ళ ఇళ్ళు పోయాయి. కాఫీ హోటళ్ళు, బ్రాహ్మణ భోజన హోటళ్ళు, తర్వాత అందరి హోటళ్ళు వచ్చాయి. అద్దె, లైసెన్సు, బ్యాంకు అప్పు, వీధి వైపు బోర్డు కావాల్సి వచ్చేసరికి ఆ వ్యాపారం మగవాళ్ళ చేతికి వెళ్ళింది. ఇంటి వెనక వసారాలో సాగినంత కాలం అది ఆడపని. వీధిలోకొచ్చి లాభం చూపించాక మగపని. 1950లో అమల్లోకొచ్చిన మన రాజ్యాంగం పదిహేనో అధికరణంలో హోటళ్ళు, భోజనశాలల పేరెత్తి మరీ, కులం వల్లగానీ మతం వల్లగానీ స్త్రీ అయినందువల్లగానీ ఎవరినీ ఆపటానికి వీల్లేదంది. ఆ అధికరణం బలం మీదే మేం ఆరుగురం కింద హాల్లో కూర్చున్నాం అనుకోవచ్చు. తినే హక్కు గురించి అక్కడ రాసి ఉంది. వండే చేతుల సంగతి ఇంకా తేలలేదు.

తేలలేదనటానికి దూరం వెళ్ళక్కర్లేదు. 2001లో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత బడుల్లో వండిన భోజనం పెట్టటం దేశమంతా విస్తరించింది. 2004లో అదే కోర్టు, వంటపనిలో దళితులకీ, షెడ్యూల్డు కులాలు, తెగల వాళ్ళకీ ప్రాధాన్యం ఇవ్వాలంది. పంక్తిని బద్దలుకొట్టే ఆలోచన అది. వీరేశలింగం ఇంటి భోజనం కన్నా పెద్ద పంక్తి. కానీ ఆ వంట చేసే ఆడవాళ్ళకి ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. సీతమ్మగారి పేరు పథకానికి ఉంది. పొగలో నిలబడ్డవాళ్ళకి ఆ పేరులోని గౌరవం అందుతోంది, వేతనం దగ్గర మాత్రం బేరాలు. అన్నపూర్ణకి జీతమెందుకు అన్న పాత ప్రశ్నే ఇది.

ఇక మన సొంత విందుల సంగతి. కార్తీకమాసం రాగానే కొబ్బరితోటల్లో, ఉసిరిచెట్ల కింద వనసమారాధనలు. ఏ కులానికి ఆ కులం, బ్యానర్లు కట్టుకుని, బస్సులు పెట్టుకుని మరీ తింటున్నారు. 1881లో తిన్నందుకు వెలివేసిన పంక్తి, ఇప్పుడు పిలుపు కార్డుగా మారింది. మన మిత్రురాళ్ళలో ఎంతమందిమి ఆ పిలుపులకి 'ఊరికే, సరదాకి' వెళ్ళొస్తున్నామో మనకే తెలియాలి.

* * *

ఆ రాత్రి భోజనం అయ్యాక చెయ్యి కడుక్కోవటానికి హోటలు వెనక్కి వెళ్ళాను. పెరట్లో బల్బు కింద నలుగురు ఆడవాళ్ళు. ఇద్దరు గిన్నెలు తోముతున్నారు, ఒకామె రేపటికి చిక్కుడుకాయలు వలుస్తోంది, పెద్దావిడ రుబ్బిన పిండి ఎత్తుతోంది. హాల్లో కనపడని ఆడవాళ్ళు ఇక్కడున్నారన్నమాట. పెద్దావిడ తలెత్తి, "కడుపునిండా తిన్నారా అమ్మా?" అని అడిగింది. తిన్నామన్నాను. "మీరో?" అంటే, "కట్టేశాక తింటాం" అంది. గది తాళం వేసే వేళదాకా వాళ్ళకి ఆకు పడదు.

ఇంటికొచ్చాక అమ్మని మళ్ళీ అడిగాను. ఈసారి కసరలేదు. చాలాసేపు ఊరుకుని, అటక మీద నుంచి ఒక ట్రంకు పెట్టె దింపమంది. అందులో గుడ్డలో చుట్టిన పొడుగాటి పద్దుపుస్తకం ఉంది. రాజమండ్రత్తయ్యది. వంకర అక్షరాలు. కుర్రాళ్ళ పేర్లు, ఊళ్ళు, నెలలు, జమ, బాకీ. బియ్యం ఇంత, నెయ్యి ఇంత, కట్టెలు ఇంత. ఒక పుటలో 'తమ్ముడి ఫీజు' అని రాసి, కింద రెండు గీతలు. ఒక విద్యార్థి దగ్గర రావలసిన ఆరు రూపాయలు మూడు పుటల్లో వరసగా ఎత్తి రాసుకుని, నాలుగో పుటలో కొట్టేసింది. నేను చదివిన ఆత్మకథల్లో ఇంతకన్నా నిజాయితీ ఉన్నది తక్కువ.

మొదటి పుటలో పైన 'శ్రీరామ' అని ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు.

అమ్మ నా పెన్ను తీసుకుని, 'శ్రీరామ' కింద మేనత్త పూర్తి పేరు రాసింది. పుస్తకాన్ని మళ్ళీ అటకెక్కించలేదు. హాల్లో, తాతయ్య ఫొటో కింద ఉన్న అలమరలో పెట్టింది. ఈ వ్యాసంలో ఆ పేరు రాయనా అని అడిగాను. ఇంకా ఒప్పుకోలేదు. "కొంచెం ఆగు" అంది.

ఆగుతున్నాను. కానీ ఈ నెల మా బృందం మా ఇంట్లోనే కలుస్తోంది. చదవబోయేది ఆ పద్దుపుస్తకమే. వంట అందరం కలిసి చేసుకుంటాం.